అడిగి భుజించుట

విదేశయాత్రకు సన్నద్ధులగు మన కోనసీమ గృహస్థులు ఆవకాయ డబ్బాకు మూత బిగించి పైన గుడ్డ కట్టుటయందును, కందిపొడి, కరివేపాకు పొడి, వడియములు, సున్నియుండలు వేరువేరు సంచులలో సర్ది పెట్టె బరువు 23 కిలోలకు మించకుండ మరల మరల తూచి చూచుకొనుటయందును ఎంతటి శ్రద్ధ వహింతురో నేనెఱుగుదును. ఆ శ్రద్ధలో నూఱవవంతైనను, అచ్చట కుమారుడో కోడలో తమను ఒక సాయంకాలము హోటలుకు తోడుకొనిపోయినప్పుడు ఏమని అడుగవలెను, ఏది తినవలెను, ఏది వలదనవలెను అను విషయమునందు చూపరు. కావుననే, అమలాపురములో పదిమందికి వండి వడ్డించి పేరుపొందిన ఇల్లాలు డాలసులోనో లండనులోనో భోజనపు బల్లయొద్ద మెనూ చేతబట్టుకొని, "నాకేమీ వద్దు నాయనా, మీరు తినండి, ఇంటికెళ్ళాక కాస్త పెరుగన్నం తింటాను" అని మెల్లగా పలికి, మంచినీళ్ళ గ్లాసు ముందుంచుకొని కూర్చుండును. తల్లి తినక కూర్చున్న పంక్తిలో బిడ్డలకు ముద్ద దిగదు. వారి సుఖమునకు అడ్డు రాకూడదనియే ఆమె ఊరకుండినది; ఆమె ఊరకుండుట చేతనే వారి సుఖము చెడినది. ఈ అధ్యాయము అట్టి సాయంకాలమును ఉద్దేశించి వ్రాయబడినది.

శాకాహారమనగానే ఇది ఏ కొలదిమంది ఆచారవంతులకో సంబంధించిన మాటయని తలంపరాదు. వరద గోదావరిలో పులస యెప్పుడు పడునాయని యెదురుచూచు ఇండ్లలోనే కార్తికమాసము వచ్చినతోడనే చేపల దాక అటకెక్కును. అయ్యప్ప మాల వేసికొన్నవారు 41 దినములు మాంసము ముట్టరు. ఆత్రేయపురము చెంతనున్న వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారములు మ్రొక్కుకొన్నవారు ఆ శనివారములందు నీచు తగులనీయరు. రాజోలు, మలికిపురము ప్రాంతములనుండి కువైటునకు, మస్కటునకు, దుబాయికి పొట్టచేతబట్టుకొని పోయినవారిలో ఇట్టి నియమస్థులు అనేకులు. ఆజన్మ శాకాహారికిని, ఒక్క శనివారపు శాకాహారికిని హోటలులో ఎదురగు చిక్కు ఒక్కటియే.

ఈ చిక్కును మనకంటె ముందుగా, మనకంటె కఠినముగా అనుభవించిన భారతీయుని కథ యొకటి కలదు. 1888వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన బొంబాయిలో ఓడనెక్కి బారిష్టరు చదువునకై లండనుకు పోయిన మోహనదాస కరమచంద గాంధికి అప్పటికి పందొమ్మిదేండ్లు నిండలేదు. మాంసము ముట్టనని తల్లి యెదుట ప్రమాణము చేసి బయలుదేరినవాడగుటచే, ఓడలో ఏ వంటకమున ఏమున్నదో అడుగుటకు నోరురాక, తాను వెంట తెచ్చుకొన్న మిఠాయిలతోను పండ్లతోను కాలము గడిపెను. లండనులో బసయింటివారు పెట్టిన ఉడికిన కూరలు ఉప్పుకారములు లేక గొంతు దిగకుండెను. శాకాహారశాల ఎచ్చటనో ఉన్నదని విని దినమునకు పది పన్నెండు మైళ్ళు కాలినడకన తిరుగుచు, దారిలో చవుక హోటలులో రొట్టె తినియు తృప్తినొందక, తుదకు ఫారింగ్‌డన్ వీథిలో ఆ శాలను కనుగొని, ద్వారముచెంత అమ్మకమునకుంచిన హెన్రీ సాల్ట్ శాకాహార గ్రంథమును ఒక షిల్లింగునకు కొని, ఇంగ్లాండునకు వచ్చిన పిమ్మట మొదటిసారిగా కడుపునిండ భుజించెను.

మఱియొక నాటి సంగతి ఇంతకంటె ముఖ్యము. ఒక మిత్రుడు ఆయనను నాటకమునకు ముందు హోబర్న్ అను గొప్ప హోటలుకు తోడుకొనిపోయెను. మొదట సూపు వచ్చెను. అందేమి కలిసినదో తెలియక గాంధి సర్వరును పిలిచెను. మిత్రుడు సంగతి తెలిసికొని, ఇట్టి సభ్యసమాజమున మెలగుట నీకు చేతకాదు, వేఱొకచోట తిని వచ్చి బయట నిలువుమని కోపించెను. గాంధి లేచి వెలుపలికి వచ్చెను. చెంతనున్న శాకాహారశాల మూసియుండెను. ఆ రాత్రి పస్తుండియే మిత్రునితో నాటకము చూచెను. వారి స్నేహము మాత్రము ఇసుమంతయు చెడలేదు. పాఠకులు ఈ తుది వాక్యమునందు మనసు నిలుపవలెనని నా ప్రార్థన. అడిగినచో నవ్వుదురేమో, పిల్లలకు తలవంపు కలుగునేమో యని మనము భయపడుచున్నాము. ఆ భయమే నిజమైన నాడు సయితము, అడిగినవాడు కోల్పోయినది ఒక్క పూట భోజనము మాత్రమే.

నేడు అంత శ్రమ లేదు గాని, అడుగు విధము తెలిసియుండుట ఆవశ్యకము. మొట్టమొదట ఎవరిని అడుగుటకు ముందైనను తన్ను తాను అడుగుకొనవలెను: నా నియమమునకు హద్దు ఎక్కడ? గ్రుడ్డు తగిలిన కేకు తినవచ్చునా? కోడిమాంసము వేయించిన నూనెలోనే వేగిన సమోసా సమ్మతమా? ఈ హద్దును యాత్రకు ముందే, తీరికగా, ఇంటి యరుగుపై కూర్చుండి నిర్ణయించుకొనవలయును గాని, ఆకలిగొని పదిమంది నడుమ కూర్చున్నప్పుడు కాదు. గాంధికి సయితము ఇంగ్లాండులో మాంసమనగా ఏమి యను విషయమున మూడు విధములైన నిర్వచనములు ఎదురైనవి. గ్రుడ్లు మాంసము కావన్న వాదమునకు లోబడి కొన్నాళ్ళు తినెను. పిదప తాను ప్రమాణము చేసినది తల్లి యెదుట గనుక తల్లి యే యర్థమున గ్రహించెనో ఆ యర్థమే తనకు శాసనమని నిశ్చయించుకొని మానివేసెను. మానిన తరువాత శాకాహారశాలలలోని పిండివంటలలో సయితము గ్రుడ్డు కలిసియుండుటచే ప్రతిదానిని అడిగి తెలిసికొనవలసి వచ్చెను. అయినను హద్దు స్థిరపడినది గనుక మనస్సు స్థిరపడెను.

హద్దు తెలిసినపిమ్మట అడుగుట సులభము. మాంసము, చేప, గ్రుడ్డు అను మూడింటిని విడివిడిగా పేరు పెట్టి అడుగవలెను. శాకాహారమా యని మాత్రమే అడిగినచో అమెరికాలోను ఐరోపాలోను గ్రుడ్డు కలిసిన వంటకమును గూడ నిస్సంకోచముగా ఔనని వడ్డింతురు. అది వారి మోసము కాదు, వారి లెక్కలో గ్రుడ్డు శాకాహారమే. వీగన్ అని అడిగినచో గ్రుడ్డుతోపాటు మన పాలు, పెరుగు, నేయి గూడ తొలగిపోవును. థాయి హోటలులో కూరగాయల కూరయందు చేపల రసము, జపానువారి పులుసులో ఎండుచేప సారము, మెక్సికోవారి చిక్కుడుగింజల ముద్దలో పందికొవ్వు ఉండవచ్చును. చూచుటకు అన్నియు కూరగాయలే. అంగడి పెరుగులలో కొన్నింటియందు గట్టిపడుటకై ఎముకలనుండి, చర్మమునుండి తీసిన జెలటిన్ కలుపుదురు. బ్రిటనులోను ఐరోపా సమాజ దేశములలోను ఒక మేలు కలదు. 2014 డిసెంబరు 13 నుండి అచ్చటి భోజనశాలలు ఒంటికి పడకపోవు 14 విధముల పదార్థములలో ఏది ఏ వంటకమునందున్నదో అడిగినవారికి తెలుపవలెనని చట్టము వచ్చినది. ఆ జాబితాలో గ్రుడ్డును, చేపయు, రొయ్యవంటి జాతులును ఉన్నవి. ఆచారమును వివరింప నక్కఱలేకయే ఆ పట్టికను చూపుమని కోరవచ్చును. మాంసము మాత్రము ఆ 14లో లేదు గనుక దానిని నోటితో అడుగక తప్పదు.

ఇంతవరకు పరుల వంటను గూర్చిన మాట. ఇక మన దేశపు పేరు బల్లకెక్కించిన హోటలులోనికి పోయినను కోనసీమవాసికి పరాయితనము తీరదు. ఈ సంగతి ముందుగా తెలిసియుండిన నిరాశ కలుగదు. ఇంగ్లాండునందలి ఇండియను హోటళ్ళలో పెక్కింటిని నెలకొల్పినవారు సిల్హెట్ ప్రాంతపు వంగీయులు. అచ్చట కూరగాయల వంట మాంసపు వంటకు ప్రక్క వాద్యము మాత్రమే. శాకాహారమునకు గౌరవస్థానము కల్పించినవారు ముఖ్యముగా గుజరాతీలు. 1972లో ఈదీ అమీన్ ఉగాండానుండి ఆసియావాసులను 90 దినములలో వెడలిపొమ్మని ఆజ్ఞాపించినప్పుడు, సర్వస్వమును విడిచి ఇంగ్లాండు చేరినవారిలో గుజరాతీ కుటుంబములు వేలకొలదిగా నుండెను. లెస్టరునందలి బెల్‌గ్రేవ్ రోడ్డు, లండనులోని వెంబ్లీ ప్రాంతము వారి మిఠాయి కొట్లతోను చాట్ అను చిరుతిండి కొట్లతోను నిండినవి. యూస్టన్ రైలుస్టేషను చెంత డ్రమండ్ వీథిలో దివానా భేల్‌పూరీ శాల 1970ల దశకమునుండి శాకాహారమే వడ్డించుచున్నది. సింగపూరునందు సెరంగూన్ రోడ్డుపై కోమల విలాస్ 1947లో వెలసినది. చెన్నపట్టణపు శరవణ భవన్ 2000లో దుబాయియందు తన తొలి విదేశీశాఖ తెరచినది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు బర్కిలీ నగరమున విక్స్ చాట్ 1989 నుండి ప్రసిద్ధము. ఈ తావులలో శాకాహారి తల వంచుకొని కూర్చుండ నక్కఱలేదు.

అయితే ఆ చాట్ శాలల మెనూలోని పేర్లు చూడుడు: పాప్డీ చాట్, దహీపూరీ, సేవ్‌పూరీ, రగడా ప్యాటీస్. ఇవి మన బాల్యమున కోనసీమలో ఎచ్చటనున్నవి? అంతర్వేది తీర్థములోను, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థములోను మనమెఱిగిన చిరుతిండి జీళ్ళు, మరమరాలు, బజ్జీలు. అమలాపురము గడియార స్తంభముచెంత పానీపూరీ బండ్లు మన పిల్లల కాలమున వచ్చినవి. ఆత్రేయపురపు పూతరేకులు, అంబాజీపేట పొట్టిక్కలు ఉత్తరదేశమువారికి ఎంత క్రొత్తయో, చాట్ మన పెద్దలకు అంత క్రొత్త. అందుచేత "మన ఇండియా తిండేగా, ఎంతో బాగుంటుందన్నారు, ఇదేమిటి ఇలా ఉంది" అని పెదవి విరుచుట అన్యాయము. క్రొత్త ఊరికి పోయినట్లే ఆ పళ్ళెమును సమీపింపవలెను.

మాంసమును వడ్డించు ఇండియను హోటలులో గూడ శాకాహారికి మిక్కిలి నిరపాయమైన భాగము చాటే యని నా యభిప్రాయము. దాని నిర్మాణమున ఆచారమునకు భంగకరమైనది దాదాపు ఏదియు లేదు. దహీపూరీని దగ్గఱగా చూడుడు: బొంబాయిరవ్వతోనో గోధుమపిండితోనో చేసి నూనెలో పొంగించిన నిమ్మకాయంత బోలు పూరీ, దాని తలపై బొటనవ్రేలితో చేసిన రంధ్రము, లోపల ఉడికించి చిదిమిన బంగాళాదుంప, శనగలు, పైన చిలికిన తియ్యని పెరుగు, కొత్తిమీర, పుదీన, పచ్చిమిర్చి నూరిన ఆకుపచ్చ చట్నీ, చింతపండు, ఖర్జూరము, బెల్లము ఉడికించి వడగట్టిన నల్లని చట్నీ, ఆపైన సన్నని కారప్పూస, అన్నిటిపైన నల్లయుప్పు, వేయించిన జీలకఱ్ఱ, ఎండిన మామిడి పొడి కలసిన మసాలా. మొదట ముక్కునకు తగులునది నల్లయుప్పు వాసన. గంధకపు ఛాయ గల ఆ వాసనకు మనలో పలువురు వెనుదీయుదురు. నోటబెట్టినంతనే అది మఱుగునపడి చింతపండు పులుపు ముందునకు వచ్చును. ఆ పులుపు పులిహోర యెఱిగిన నాలుకకు చుట్టమే. కావున తొలిసారి పోయినవారు పానీపూరీతో గాక దహీపూరీతోనో పాప్డీ చాట్‌తోనో మొదలిడుట యుక్తము. పెరుగు కారమును అణచును, వాసనను మెత్తబఱచును.

తినుటయందును ఒక క్రమమున్నది. దహీపూరీని కొఱికి తినరాదు. కొఱికినచో సగము నోటిలో, సగము చీరపై. ఒక్కసారిగా నోటబెట్టుకొనవలెను, నోరు చాలనివారు చిన్న పూరీలు వేయుమని కోరవచ్చును. పానీపూరీని మన బండివాడు ఒక్కొక్కటిగా నింపి చేతికందించును. విదేశపు హోటలులో పూరీలొక పళ్ళెములో, దుంప శనగల ముద్ద ఒక గిన్నెలో, పుదీన నీరు ఒక చిన్న కూజాలో తెచ్చి బల్లపై పెట్టి పోవుదురు. ఎవరికి వారే నింపుకొనవలెను, నింపినతోడనే తినవలెను, క్షణమాలసించిన అడుగు నాని నీరు కారును. భేల్‌పూరీయందును మరమరాలు మెత్తబడకమునుపే తినుట మేలు. మర్యాదకై అందఱి వంటకములు వచ్చువఱకు వేచియుండు అలవాటు మనలో పెద్దలకు కలదు. చాట్ విషయమున ఆ మర్యాద వంటకమును చెఱచును. "వచ్చింది వచ్చినట్టు తినేద్దామర్రా" అని పెద్దవారే ముందుగా పలికినచో పిల్లలు సంకోచింపరు.

ఎంగిలిని గూర్చి యొక మాట. అచ్చట ఒక పళ్ళెమును బల్ల నడుమ నుంచి నలుగురును నాలుగు చెంచాలతో తినుట పరిపాటి. మనస్సొప్పనివారు ముఖము చిట్లించుట యెందుకు? వేఱు పళ్ళెములు అడిగి, ఎవరును ముట్టక పూర్వమే మంచి గరిటెతో తమ భాగము తీసికొనిన చాలును. ఏ హోటలువాడును దీనికి ఆశ్చర్యపడడు.

ఉల్లి, వెల్లుల్లి వర్జించువారికి, ఏకాదశియో తద్దినపు ముందునాడో అయినవారికి మఱియొక ఉపాయము కలదు. దీనిని నేను మిక్కిలి ప్రీతితో చెప్పుచున్నాను. గుజరాతీ, మార్వాడీ హోటళ్ళలో జైన పద్ధతిని చేయుమని కోరినచో ఉల్లిని, వెల్లుల్లిని మాత్రమే గాక భూమిలో పండు దుంపలన్నింటిని తొలగింతురు. అప్పుడు బంగాళాదుంప స్థానమున ఏమి వేయుదురు? అరటికాయ! ఉడికించి చిదిమిన అరటికాయతో చేసిన జైన చాట్, జైన పావ్‌భాజీ తిన్నప్పుడు, గెలలతో నిండిన రావులపాలెపు అరటి సంతను ఎఱిగినవారికి ఎంతటి ఆత్మీయత స్ఫురించునో చెప్పనలవి గాదు. కొత్తపేట లంకలలో అరటికాయను వేపుడుగా, ఆవపెట్టిన కూరగా, బజ్జీగా తినిన మనకు, అది చింతపండు ఖర్జూరముల రసమున మునిగి కారప్పూస కప్పుకొని రావచ్చునని తోచనే లేదు. కోడలు ముందుగా కనుగొని, "అత్తయ్యగారూ, ఇందులో ఉల్లి లేదండి, దుంప కూడా లేదు, అంతా అరటికాయే, తినండి" అని చెప్పినచో ఆ యత్తగారు మంచినీళ్ళ గ్లాసును ప్రక్కకు జరుపకుండునా?

ధరను గూర్చి. డాలరును రూపాయలలోనికి మార్చి, ఇంత సొమ్ముతో మన ఊళ్ళో పదిమంది భోజనము చేయవచ్చునని బల్లయొద్ద లెక్కించుట మన పెద్దలకు సహజము. లెక్క తప్పు కాదు, సమయము తప్పు. బిడ్డ తన యార్జనలో తల్లికి ఒక పూట సంతోషముగా పెట్టదలచినాడు. ఆ ముద్దతోపాటు ధరను గూడ మ్రింగుమనుట వానికి శిక్ష. శరీరమును గూర్చి మాత్రము లెక్క తప్పక చూచుకొనవలెను. నల్లని చట్నీలో బెల్లము, ఖర్జూరము అధికము గనుక మధుమేహము గలవారు దానిని సగము వేయుమనవలెను. రక్తపు పోటు గలవారు మసాలా ఉప్పును తగ్గింపుమనవలెను. చాట్‌ను అప్పటికప్పుడు కలుపుదురు గనుక ఇట్టి మార్పు సులభము. ముందే ఉడికిన కూరలో ఇది సాధ్యము కాదు.

రుచి విషయమున ఓర్పు వహింపవలెనని చెప్పుటకు నాకు మరల గాంధియే జ్ఞప్తికి వచ్చుచున్నాడు. మసాలా లేక చప్పగానున్నదని మొదట తినలేకపోయిన ఉడికిన పాలకూరనే, కొంతకాలమునకు మనస్సు మాఱిన పిమ్మట ఆయన ఇష్టముతో తినెను. కూర మాఱలేదు. మనము ఒక్క ముద్దతోనే తీర్పు చెప్పుదుము. మొదటి నాడు నచ్చని చాట్‌ను రెండవసారి వేఱొక హోటలులో, వేఱొక రకము కోరి రుచిచూచిన పిమ్మట గూడ నచ్చకున్న, నచ్చలేదని నిస్సంకోచముగా చెప్పవచ్చును. ఆ మాటకు అప్పుడు విలువ యుండును.

చాట్ శాల దొరకని ఊళ్ళును కలవు. అట్టి చోట దేవాలయమును విచారింపవలెను. న్యూయార్కు ఫ్లషింగునందలి గణేశ దేవాలయపు క్యాంటీనులో దోసెలు, పిట్స్‌బర్గు వేంకటేశ్వరాలయములో పులిహోర, పెరుగన్నము భక్తులకు సుపరిచితములు. గల్ఫు దేశములలో నియమస్థునకు ఫలాఫెల్ తోడ్పడును. నానబెట్టిన శనగలనో బాకలా చిక్కుడుగింజలనో రుబ్బి కొత్తిమీరతో వేయించిన ఆ వడను మన మసాలావడ యెఱిగినవారు వెంటనే గుర్తింతురు. నూనె వేఱుగా నున్నదా యని మాత్రము అడుగవలెను, వెల్లుల్లి తప్పక యుండునని తెలిసికొనవలెను.

మిగిలిన పదార్థమును డబ్బాలో కట్టి ఇంటికి తీసికొనిపోవుట అమెరికాలో మర్యాదయే గాని లోపము కాదు. చాట్‌ను మాత్రము కలిపిన పిమ్మట కట్టించినచో ఇల్లు చేరునప్పటికి ముద్దయగును. కావున రెండవ పళ్ళెము ఇంటికొఱకని ముందే చెప్పి, పూరీలను, దుంప శనగలను, పెరుగును, రెండు చట్నీలను, కారప్పూసను వేర్వేరు డబ్బాలలో ఇమ్మని కోరవలెను. పూరీల డబ్బాను, కారప్పూస డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టరాదు, తక్కినవన్నియు పెట్టవలెను. మఱునాడు సాయంకాలము మనుమలు బడినుండి రాగానే వంటింటి గట్టుపై పరచి, ఒక్కొక్కటిగా నింపి వారి చేతికందింపవచ్చును.